కడగని సీసా

హాజెబేక్,
5 నవంబర్ 2017

అక్కా,

వెళ్లొచ్చాను. నవ్వకు. ఆ కొత్త బీరు బట్టీ గడప తొక్కనని ఊరందరి ముందూ అన్న మాట నిజమే. కానీ మూడు నెలలుగా గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఉడికే బార్లీ వాసన నేరుగా నా వంటింట్లోకే వస్తోంది. ముప్ఫై నాలుగేళ్లుగా ఈ ఊళ్లో లేని వాసన. నిన్న టోపీ పెట్టుకుని వెళ్లిపోయాను. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. నా చెవుల సంగతి నీకు తెలుసు. నేను "ఆఁ? ఆఁ?" అనడం, నువ్వు విసుక్కుని పెట్టేయడం, ఎందుకొచ్చిన గోల. రాయడమే నయం.

డెక్మిన్ వాళ్ల పాత పశువులశాలలో పెట్టారు. గడ్డివాము ఉండే చోట రెండు కాగులు, ఆవులు కట్టేసే చోట బల్లలు. నడిపేది హన్నె అని ముప్ఫై అయిదేళ్ల పిల్ల. ఘెంట్‌లో మందుల కంపెనీ ఉద్యోగం మానేసి వచ్చిందట. లోపల గోడకి ఏం వేలాడుతోందో తెలుసా? మన బట్టీ ముందు ఉండే నాన్న బోర్డు. నీలం మీద తెల్ల అక్షరాల్లో మన ఇంటిపేరు, "కెస్టెలూట్ ఏల్". పాతసామాన్ల సంతలో దొరికిందట. నేనెవరో చెప్పలేదు.

"ఏం తాగుతారు పెద్దాయనా?" అంది.

"నువ్వు సిగ్గుపడకుండా అమ్మేదేదైనా ఉంటే అది."

నవ్వి, నల్ల ఏల్ బీరు సీసా, దానికి తగ్గ గ్లాసు తెచ్చి పెట్టింది. గ్లాసు సరైనదే. నేనే పోసుకున్నాను. వంచి, నెమ్మదిగా, రెండు వేళ్ల నురుగు వచ్చేలా, అడుగున మడ్డి సీసాలోనే ఉండిపోయేలా. పోయగానే లేచి, వాళ్ల బల్ల వెనక్కి వెళ్లి, కుళాయి కింద సీసా కడిగి బోర్లించి వచ్చాను. కుర్రకారంతా నోళ్లు తెరుచుకుని చూశారు. "మా ఇంట్లో పోసిన చెయ్యే కడుగుతుంది, కూర్చునేలోపు" అన్నాను.

బీరు బాగుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? చేదు సరిగ్గా ఉంది, ఆ చేదునిచ్చే హాప్స్ పూలు మన ఊరి తీగలవే. కానీ ఎవరింటి పిల్లో తెలియని పిల్లలా ఉంది. అదే మొహాన చెప్పాను.

"అన్నీ కుదిరాయమ్మాయ్. ఈస్ట్ మాత్రం కొన్నది."

"ప్యాకెట్టుదే. అందరూ అదే వాడతారు."

"అందుకే అందరిదీ ఒకేలా ఏడుస్తుంది."

తుండు భుజాన వేసుకుని నా కళ్లలోకి చూసింది. "అయితే మంచిది తెచ్చివ్వండి. ఉత్త మాటలైతే నా దగ్గరా ఉన్నాయి."

పక్క బల్ల వాళ్లు గొల్లున నవ్వారు. టోపీ పెట్టుకుని వచ్చేశాను. చిత్రమేమిటంటే నాకు కోపం రాలేదు.

నీ తమ్ముడు,
ఫిర్మాన్

*

ఓస్టెండ్,
9 నవంబర్ 2017

ఒరేయ్ ఫిర్మాన్,

పరాయి బట్టీకి వెళ్లి సీసా కడిగొచ్చిన మొనగాడివి నువ్వొక్కడివే. నీ భార్య బతికున్నన్నాళ్లూ ఒక్క గిన్నె కడిగిన పాపాన పోయావా? బీరు సీసా అయితే మాత్రం చెయ్యి ఆగదు. నాదీ ఆగదులే. మడ్డి ఎండిపోతే సీసాకి కరుచుకుపోతుందనీ, దాన్ని గీకి గీకి అమ్మ వేళ్లు పగిలిపోతున్నాయనీ కదా నాన్న ఆ నియమం పెట్టాడు. అమ్మ పోయి యాభై ఏళ్లయినా మన చేతులు ఇంకా ఆవిడ కోసం కడుగుతూనే ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రొయ్యలు ఒలుస్తూ రాస్తున్నాను, కాగితం వాసనేస్తే ముక్కు మూసుకుని చదువు.

ఆ పిల్ల మంచిది తెచ్చివ్వమంటే నువ్వెందుకు నోరు మూసుకుని వచ్చావో నాకు తెలుసు. మన బట్టీ కొన్న పెద్ద బీరు కంపెనీ లారీ వచ్చి రాగి కాగులు ఎత్తుకుపోయే ముందు రోజు నాన్న తన చేత్తో పన్నెండు సీసాలు నింపాడు. ఆరు నీకు, ఆరు నాకు. "నిలబెట్టి ఉంచండి" అన్నాడు, ఇంకో మాట లేదు. ఎందుకు నిలబెట్టమన్నాడో బీరు కాచే ఇంట్లో పుట్టినవాళ్లకి చెప్పాలా? ఆ మడ్డిలో ఉన్నది ఆయన ఈస్ట్, తీపినీళ్లు పోస్తే మళ్లీ లేచేది. అంతకు ముందు తాతది. కంపెనీ వాళ్లు మిగతాదంతా కాలవలో పోసేశారు.

నీ దగ్గర ఒకటి మిగిలి ఉంది. బంగాళాదుంపల గదిలో, ఇసుక పెట్టెలో. నావి అయిపోయాయి. చివరిది మీ బావ మార్సెల్ సముద్రంలో పోయిన ఏడు తాగేశాను.

ఆ సీసా ఆ పిల్లకి ఇచ్చెయ్.

అలీదా

*

హాజెబేక్,
26 నవంబర్ 2017

అక్కా,

ఇవ్వను.

బట్టీ అమ్మిన రోజు సంతకం చేశాను. నువ్వూ చేశావు, నోటరీ దగ్గర, ఆ నీలం గౌను వేసుకుని. కెస్టెలూట్ ఇంటివాళ్లెవరూ బీరు కాయకూడదు, కాచేవాళ్లకి ఈస్ట్ ఇవ్వకూడదు, ఆ పేరు వాడకూడదు. మూడు ముక్కలూ నాకు నోటికి వచ్చు. నా జీవితంలో నేను చెప్పుకోదగ్గది ఒక్కటే ఉంది, ఇచ్చిన మాట మీద నిలబడ్డాను. బట్టీ పోయాక హాప్స్ రైతుగా కూడా తూకంలో ఎవరినీ మోసం చేయలేదు. అరవై తొమ్మిదేళ్లొచ్చాక కొత్త అలవాట్లు నాకొద్దు. ఆ సీసా నా శవపేటికలో పెట్టించుకుంటాను.

ఇక్కడ ఇంకో రభస. ఆమధ్య కంపెనీ తరఫున కోటు వేసుకున్న ఒకాయన వచ్చి హన్నె దగ్గర బీరు తాగి, గోడ మీది బోర్డు ఫోటో తీసుకుని వెళ్లాడు. వారం తిరక్కుండా లాయరు ఉత్తరం. పేరు తమదట, నెల రోజుల్లో బోర్డు తీయకపోతే కోర్టుకట. ముప్ఫై నాలుగేళ్లుగా ఆ పేరుతో చుక్క బీరు కాచింది లేదు. వాడరు, వాడనివ్వరు.

ఎవరో నా సంగతి చెప్పినట్టున్నారు, హన్నె నా గేటు దగ్గరికి వచ్చింది.

"ఆ బోర్డు మీ నాన్నగారిదని ఎందుకు చెప్పలేదు?"

"నువ్వడగలేదు."

"నేను దాన్ని దించట్లేదు. గోడ నాది, మేకు నాది."

"దించు పిల్లా. వాళ్లతో పెట్టుకోకు."

"మీరు పెట్టుకోలేదుగా పెద్దాయనా. ఏం మిగిలింది?"

నిన్న వెళ్లి కిటికీలోంచి తొంగిచూశాను. బోర్డు దించలేదు, తిప్పింది. అక్షరాలు గోడవైపు. అదేమిటని అడిగితే "గోడని చదువుకోనివ్వండి" అంటోందట. ఆ మాటకి ఇంటికొచ్చి ఒక్కణ్ణే చాలాసేపు నవ్వుకున్నాను. ఆ తర్వాత ఆమె నన్నడిగింది గుర్తొచ్చింది. 

ఫిర్మాన్

*

ఓస్టెండ్,
30 నవంబర్ 2017

ఫిర్మాన్,

నీకు నోటికొచ్చిన మూడు ముక్కలూ చెప్పావు. నాలుగోది ఎందుకు మింగావు? పదేళ్లపాటు ఈ ఊళ్లోనే, ఈ కాగుల్లోనే, ఈ మనుషులతోనే కాస్తామని కంపెనీ రాసింది కదా. నాలుగో ఏట తాళం వేసింది. మాట తప్పింది ఎవరు? తప్పినవాడు కోటు వేసుకుని తిరుగుతుంటే, నువ్వొక్కడివీ ఆ కాగితానికి కాపలా కాస్తున్నావు.

నాన్న ఎవరికైనా ఈస్ట్ లేదన్నాడా? ఏ బట్టీలో ఈస్ట్ చెడినా ఆ బట్టీవాడు బకెట్టు పట్టుకుని మన వాకిట్లోకి వచ్చేవాడు. పగవాడైనా సరే, నాన్న నింపి పంపేవాడు. మనది చెడిన ఏడు ఆ బకెట్టే తిరిగొచ్చింది. "ఇవ్వకూడదు" అన్న ముక్క నోటరీ చదువుతుంటే ఆయన కలం బల్ల మీద పెట్టేసి మళ్లీ తీయడం నేను చూశాను. నువ్వు కాగితం చూస్తున్నావు.

శవపేటికలో పెట్టుకుంటావా? పెట్టుకో. పైకెళ్లాక నాన్న బకెట్టు పట్టుకుని అడిగితే ఏం చెబుతావో మాత్రం ఇప్పుడే ఆలోచించుకో.

అలీదా

*

హాజెబేక్,
25 జనవరి 2018

అక్కా,

ఈ ఉత్తరం రాయడానికి పది రోజులు పట్టింది.

నీ ఉత్తరం చదివి నెలన్నర నీతో మనసులోనే పోట్లాడాను. క్రిస్మస్ తర్వాత పాత బట్టీ స్థలానికి వెళ్లాను. అక్కడిప్పుడు ఎరువుల గోదాము. కాలవ మాత్రం అలాగే ఉంది. దాని పక్కన నిలబడి నాలో నేనే అనుకున్నాను, మాట తప్పుతున్నాను, తెలిసే తప్పుతున్నాను అని. అక్కడినుంచి నేరుగా హన్నె దగ్గరికి వెళ్లి "ఆదివారం పదకొండింటికి మా ఇంటికి రా, గ్లాసులు నా దగ్గరున్నాయి" అన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆమె మొహం చూస్తే అర్థమైపోయిందని తెలిసింది.

రెండు రోజుల ముందే సీసా పైకి తెచ్చి కదలకుండా పెట్టాను. బల్ల మీద జున్ను, ఆవాల ముద్ద. ఆమె చిన్న సంచి పట్టుకుని వచ్చింది. మూత తీస్తే చిన్న నిట్టూర్పు వచ్చింది, అంతే, కానీ వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ల తర్వాత! నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ పోయలేదక్కా. రెండు గ్లాసుల్లోనూ ఒక్క నలక లేదు. రంగు పాత జీను తోలులా ఉంది. నోట్లో పెట్టుకుంటే ఎండు ద్రాక్ష, పొగ, ఆ తర్వాత ఆ చేదు. నాన్న కోటు వాసన కూడా వచ్చిందంటే నువ్వు నమ్మవు.

హన్నె కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచి "ఎవరింటి పిల్లో ఇప్పుడు తెలిసింది" అంది. నా ఛాతీ పొంగిపోయింది.

అప్పుడు సంచి విప్పింది. లోపల గుడ్డలో చుట్టి, మరగబెట్టి తెచ్చిన గాజు బుడ్డి. "పెద్దాయనా, సీసా ఇటివ్వండి."

వెనక్కి తిరిగి చూశాను. సీసా బోర్లించి ఉంది. నీళ్లు కారుతున్నాయి.

కడిగేశానక్కా. పోసి, కడిగి, బోర్లించి, అప్పుడు కూర్చున్నాను. ఎప్పుడు కడిగానో నాకు గుర్తుకూడా లేదు. ఆమె గ్లాసు వంకే చూస్తూ ఉంది, సింకు నా వెనక ఉంది. ఎందుకు తెరుస్తున్నానో తెలిసి, దాని కోసమే తెరిచి, నా చేత్తో నేనే ఆ ఉన్న కాస్తా గొట్టంలో పోశాను.

హన్నె మోకాళ్ల మీద కూర్చుని సింకు కింది గొట్టం విప్పింది. వాసన చూసి "సబ్బు" అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. గ్లాసులు రెండూ తీసుకెళ్లి, వాటిలో మిగిలిన తడికి తీపినీళ్లు పోసి పది రోజులు చూసింది. ఏమీ లేవలేదు. అంత శుభ్రంగా పోశాను మరి.

కంపెనీ వాళ్లు కాలవలో పోసినదానికి ముప్ఫై నాలుగేళ్లు తిట్టుకున్నాను. చివరి బొట్టు పోసింది వాళ్లు కాదు.

ఫిర్మాన్

*

ఓస్టెండ్,
29 జనవరి 2018

తమ్ముడూ,

ఏడుపు ఆపి కూర్చో. నేను చెప్పేది రెండుసార్లు చెప్పను.

నీకు అబద్ధం చెప్పాను. నా చివరి సీసా ఉంది. అప్పుడు మార్సెల్ ఐస్‌లాండ్ నీళ్లలోకి వేటకి వెళ్లాడు. పడవ గురువారం రావాలి. నేను సీసా బల్ల మీద పెట్టి, పక్కన రెండు గ్లాసులు పెట్టాను. పడవ రాలేదు. గ్లాసులు నాలుగు నెలలు ఆ బల్ల మీదే ఉన్నాయి. తర్వాత ఎవరడిగినా తాగేశానన్నాను. తాగలేదంటే ఇంకా ఎదురుచూస్తున్నాననుకుంటారు కదా. ఎదురుచూశాను కూడా. రేవులో చేపలమ్మే గయ్యాళి అలీదా ఒక సీసాని నిలబెట్టుకుని ముప్ఫై నాలుగేళ్లు ఎదురుచూసిందంటే ఊరు నవ్వుతుంది. నువ్వు నవ్వావంటే పళ్లు రాలగొడతాను.

ఇంకొకటి. సంతకం సంగతి. ఆరోజు నేను నా పేరు పెట్టలేదు. "ఫ్లోరా కెస్టెలూట్" అని రాశాను. అవును, మన గుర్రమే. పీపాల బండి లాగిన ఫ్లోరా. ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ పనిచేసింది అదే, సంతకం పెట్టే హక్కు దానికే ఉందనిపించింది. నోటరీ చూడకుండా ముద్ర గుద్దాడు. నాన్న మాత్రం బల్లకి అటువైపునుంచి తలకిందులుగా చదివాడు. ఆ దగ్గు గుర్తుందా? నోటరీ పరిగెత్తి నీళ్లు తెచ్చాడే, అది దగ్గు కాదు, నవ్వు. దారిలో నాకొక్కదానికే బంగాళాదుంపల వేపుడు కొనిపెట్టాడు. నువ్వు అలిగావు.

కాబట్టి నేను ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. నువ్వు మాట తప్పావు, తప్పినా ఆకాశం ఊడిపడలేదు, గమనించావా?

శనివారం పదింటి రైలుకి వస్తున్నాను. సీసా ఒళ్లో నిలబెట్టుకుని వస్తాను. ఆ పిల్లని బుడ్డితో సిద్ధంగా ఉండమను. నువ్వు పోపెరింగె స్టేషన్‌కి రా, చేతులు జేబుల్లో పెట్టుకుని రా. నేను తిరిగి రైలెక్కేదాకా అవి బయటికి రాకూడదు.

అలీదా

*

హాజెబేక్,
6 మే 2018

అక్కా,

నువ్వొచ్చి వెళ్లి మూడు నెలలైంది. ఈ ఉత్తరంతోపాటు వ్యానులో ఒక పెట్టె వస్తుంది. పెట్టె తెరవకుండా ముందు ఇది చదువు.

ఆరోజు నువ్వు పోస్తుంటే నేను అరచేతుల మీద కూర్చున్నాను. కడగడానికి వేళ్లు గిలగిల్లాడాయి. నువ్వు రెండు గ్లాసులే పోసి, ఒకటి తాగి, రెండోది ఎవరికీ ఇవ్వకుండా కాసేపు ముందు పెట్టుకుని, తర్వాత నువ్వే తాగడం చూశాను. 

మడ్డి హన్నె బుడ్డిలోకి వెళ్లాక ఎనిమిది రోజులు చలనం లేదు. రోజూ వెళ్లేవాణ్ణి, ఆమె తల అడ్డంగా ఊపేది. తొమ్మిదో రోజు పొద్దున్నే కోటు కూడా వేసుకోకుండా, రబ్బరు బూట్లతో నా గేటు దాకా పరిగెత్తుకొచ్చింది. "రండి, రండి" తప్ప మాట రాలేదు. వెళ్లి చూస్తే బుడ్డి అంచు చుట్టూ సన్నని నురుగు. పెద్ద గొప్పేమీ లేదు, తెల్లటి దారమంత. నేను ఆ పశువులశాలలో, ఆ పిల్ల ముందే, వెక్కి వెక్కి ఏడ్చాను. సిగ్గుపడలేదు.

మార్చిలో కాచాం. కాచాం అన్నాను, చదివావా? కాగులో తెడ్డు తిప్పింది నేనే.

ఏప్రిల్లో లాయరు ఉత్తరం మళ్లీ వచ్చింది, ఈసారి నా పేరున. ఈస్ట్ కెస్టెలూట్ ఇంటినుంచి వచ్చిందని వినికిడి, వాస్తవమా కాదా తెలియజేయండి అని. తెలియజేశాను. నకలు ఇదిగో.

"అయ్యా, వాస్తవమే. 1979లో సంతకం చేసిన ఫిర్మాన్ కెస్టెలూట్‌ని నేనే. మీ కాగితంలో పదేళ్లు అన్నారు, నాలుగో ఏట తాళం వేశారు. నేను ముప్ఫై తొమ్మిదేళ్లు ఆగాను. లెక్కన మీకన్నా బాగా నిలబడ్డాను, ఇక నిలబడను. తెలిసే మాట తప్పాను. ఈస్ట్ ఇచ్చినవారి సంతకం మీ కాగితంలోనే ఉంది, చదువుకోండి. ఆవిడ మీద కేసు వేయదలిస్తే చిరునామా పంపుతాను, మా పాత గడ్డిపొలం, ఆపిల్ చెట్టు కింద పాతిపెట్టాం. ఇంకొక మాట. ఈ వారం నేను ఏడు బకెట్లు నింపి చుట్టుపక్కల ఏడు బట్టీలకి నా వ్యానులో తీసుకెళ్లి ఇచ్చాను. అడిగినవాళ్లకి ఇంకా ఇస్తాను. ఈసారి ఏ కాలవలో పోస్తారో ముందుగా చెబితే వచ్చి చూస్తాను."

రాసి, చదివి, ఒక్క అక్షరం దిద్దకుండా పోస్టు చేశాను. ఇంతవరకూ జవాబు లేదు. రావొచ్చు, కోర్టుకే ఈడవచ్చు. రానివ్వు. హన్నె కూడా అదే అంటోంది.

ఇక బీరుకి పేరు. నాన్న పేరు వాళ్ల దగ్గరుంది, ఉంచుకోమన్నాం. ఏం పెట్టాలని హన్నె తల పట్టుకుంటే నీ ఉత్తరం చూపించాను. కుర్చీలోంచి జారిపడేలా నవ్వింది. సీసా మీద అంటించే చీటీకి బొమ్మ ఆమె గీసింది, కాళ్లు కాస్త లావుగా వచ్చాయి, కానీ చూడగానే ఫ్లోరా అని తెలుస్తుంది. పేరూ అదే. కింద చిన్న అక్షరాల్లో ఉన్న రెండు ముక్కలూ నావి. వాటికోసం హన్నెతో పోట్లాడాల్సి రాలేదు, నాతో నేను పోట్లాడాల్సి వచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుని చదువు.

నీ తమ్ముడు,
ఫిర్మాన్

*

ఓస్టెండ్,
13 మే 2018

ఫిర్మాన్,

పెట్టె అందింది. కళ్లద్దాలు పెట్టుకున్నాను. "సీసా కడగొద్దు. అడుగున ఉన్నది ఎవరికి కావాలంటే వాళ్లకివ్వండి."

ఈ మాట నువ్వు రాశావా! పరాయి బట్టీలో కుళాయి దగ్గరికి వెళ్లిన నువ్వు!

మధ్యాహ్నం కిటికీ తెరిచి, సముద్రం వైపు కుర్చీ వేసుకుని తాగాను. నాన్నదే. కాస్త పడుచుగా ఉంది, కాస్త పొగరుగా ఉంది, కానీ నాన్నదే. ఒక్క గ్లాసే పెట్టుకున్నాను ఈసారి. బాగానే ఉన్నాను, కంగారుపడకు.

పోయగానే లేచాను. సీసా చేతిలో పట్టుకుని సింకు దాకా వెళ్లాను, కుళాయి కూడా తిప్పాను. అప్పుడు గుర్తొచ్చి ఆపాను. వెనక్కి తెచ్చి బల్ల మీద పెట్టాను. వీధి చివర రొట్టెలు కాల్చే వాళ్లమ్మాయి ఇంట్లో బీరు కాచడం నేర్చుకుంటోంది. పొద్దున్నే పిలిచి ఇస్తాను. ఇది ఫ్లోరా అని చెప్పి ఇస్తాను, తర్వాత ఎవరడిగినా ఇవ్వాలని చెప్పి ఇస్తాను.

అందాకా డెబ్భై నాలుగేళ్లలో మొదటిసారి నా బల్ల మీద కడగని సీసా ఒకటి నిలబడి ఉంది. నాన్న చూస్తే ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు.

అరవనీ.

అలీదా